బాలింతకు కోవిడ్ ఉంటే పసిబిడ్డను వేరుగా ఉంచాలా?

చంద్రగిరి అమ్మమ్మ:
2021 మే నెలలో మా అమ్మాయికి నొప్పులు మొదలైనప్పుడు చేసిన పరీక్షలో కోవిడ్ ఉన్నట్టు తేలింది. కొద్దిపాటి జ్వరం, దగ్గు తప్ప ఆమెకు మరే ఇబ్బందీ లేదు. అయినా ఆసుపత్రివారు బొడ్డు కోసిన వెంటనే బిడ్డను వేరే గదికి మార్చి, తల్లికి నెగెటివ్ వచ్చేదాకా చూపించలేదు. ముర్రుపాలు పిండి పారబోయించి, బిడ్డకు డబ్బాపాలు పట్టించారు. ఇప్పుడు ఆమె మళ్లీ గర్భవతి. ఇలాంటి మహమ్మారి మరొకటి వస్తే ఇదే పద్ధతి పాటించాలా? అసలు అప్పుడైనా అది సరైనదేనా? నా మటుకు నేను అది అన్యాయమనే అనుకుంటున్నాను. తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

పలమనేరు అయ్యవారు:
అమ్మా, మీ బాధ అర్థమవుతోంది. కానీ ఆ వైద్యులను తప్పుపట్టడానికి నాకు మనసు రావడం లేదు. వ్యాధి కొత్తది, పుట్టిన బిడ్డకు ఏ రక్షణా లేదు, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు మంచాన పడుతున్న కాలమది. 2020 ఏప్రిల్‌లో అమెరికా పిల్లల వైద్యుల సంఘమే తల్లీబిడ్డలను తాత్కాలికంగా వేరు చేయడం క్షేమమని సలహా ఇచ్చింది. కొన్ని రోజుల ఎడబాటును తరువాత పూడ్చుకోవచ్చు, పోయిన ప్రాణాన్ని తిరిగి తెచ్చుకోలేము కదా.

ప్రసూతి వార్డు సిస్టర్, తిరుపతి:
అయ్యవారు చెప్పిన సలహా నిజమే, కానీ అదే సంఘం 2020 జులైలో దానిని మార్చుకుని, తల్లి మాస్కు కట్టుకుని చేతులు శుభ్రం చేసుకుంటే బిడ్డ ఆమె గదిలోనే ఉండవచ్చని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి నుంచీ తల్లీబిడ్డలు కలిసి ఉండాలని, తల్లి పాలే పట్టాలని చెబుతూ వచ్చింది. న్యూయార్క్ ఆసుపత్రులలో కోవిడ్ ఉన్న తల్లులకు పుట్టిన 120 మంది పిల్లలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, చాలామంది తల్లి గదిలోనే ఉండి తల్లిపాలే తాగినా, పరీక్షించిన ఏ బిడ్డకూ వైరస్ సోకినట్టు తేలలేదు. గర్భంలో ఉండగానే బిడ్డకు సోకడం అరుదు. పాల ద్వారా సోకుతుందనడానికి ఆధారం దొరకలేదు సరికదా, వ్యాధి సోకిన తల్లుల పాలలో దానిని ఎదుర్కొనే యాంటీబాడీలు కనిపించాయి. కాబట్టి 2020 వేసవిలో తెలియక చేశామంటే ఒప్పుకోవచ్చు గానీ, 2021 మే నాటికి ముర్రుపాలు పారబోయించడాన్ని నేను సమర్థించలేను.

పలమనేరు అయ్యవారు:
సిస్టర్ గారూ, ఆ న్యూయార్క్ అధ్యయనాన్ని నేనూ చదివాను. అక్కడ పిల్లలను పాలు పట్టేటప్పుడు తప్ప మిగతా సమయమంతా తల్లి మంచానికి ఆరడుగుల దూరంలో, మూసి ఉన్న ఇంక్యుబేటర్లలో ఉంచారు. మన జిల్లాలో ఎన్ని కాన్పుల వార్డుల్లో బాలింతకు ఒక గది, బిడ్డకు ఒక ఇంక్యుబేటర్ దొరుకుతాయి? మంచానికీ మంచానికీ మధ్య సందులో అత్తో పిన్నమ్మో చాప వేసుకుని పడుకునే చోట, అక్కడి ఫలితం ఇక్కడా వస్తుందని ఎలా చెప్పగలరు?

ప్రసూతి వార్డు సిస్టర్, తిరుపతి:
ఇంక్యుబేటర్ల సంగతి నిజమే, దానిని నేను ముందే చెప్పి ఉండాల్సింది. అయితే మన వార్డు ఇరుకన్న మాట రెండు వైపులా పనిచేస్తుంది. తల్లి నుంచి తీసిన బిడ్డ ఖాళీ గదికి పోదు. మరికొందరు పిల్లలున్న గదికి, షిఫ్టు మారినప్పుడల్లా మారే చేతుల్లోకి పోతుంది. ఆ చేతులలోనూ వైరస్ ఉండవచ్చు. ఇక డబ్బాపాలంటే కాచిన నీళ్లు, ఉడికించిన సీసా, సరైన కొలత కావాలి. మే నెల ఎండలో వీటిలో ఏది తప్పినా బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. కోవిడ్ ఉన్న బాలింతలందరినీ ఒకే వార్డులో చేర్చి, ఎవరి బిడ్డను వారి పక్కనే ఉంచి, తోడుగా ఆరోగ్యంగా ఉన్న ఒక్కరినే అనుమతించడం మన స్థోమతకు అందే పని. తల్లి ఆయాసపడుతూ ఆక్సిజన్ మీద ఉంటే మాత్రం బిడ్డను వేరుగా ఉంచక తప్పదు. అప్పుడు కూడా తల్లికి చేతనైతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టించవచ్చు.

శ్రీకాళహస్తి నాన్న:
ఇద్దరూ కాన్పు తరువాతి సంగతే మాట్లాడుతున్నారు. గర్భిణికి కోవిడ్ సోకితే ఐసీయూ అవసరం, నెలలు నిండకుండానే కాన్పు కావడం, రెండూ ఎక్కువని వైద్యులు చెప్పారు. అంటే తల్లిని కాపాడుకుంటే బిడ్డను వేరు చేయవలసిన స్థితే చాలావరకు రాదు. మన దేశంలో గర్భిణులకు టీకా వేయడానికి 2021 జులై 2న గాని అనుమతి రాలేదు. వచ్చిన తరువాత కూడా కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని మా ఇంట్లో పెద్దలు ఒప్పుకోలేదు. వారితో వాదించి వేయించాను. టీకా వేయించుకున్న తల్లి నుంచి మాయ ద్వారా యాంటీబాడీలు బిడ్డకు చేరతాయి కనుక, పుట్టిన బిడ్డకు ఏ రక్షణా లేదన్న అయ్యవారి మాట అలాంటి తల్లుల విషయంలో నిలవదు.

పలమనేరు అయ్యవారు:
ఆ మాట ఒప్పుకుంటున్నాను. నెలలు నిండి పుట్టిన బిడ్డ విషయంలో సిస్టర్ చెప్పిన పద్ధతే మేలని కూడా అనిపిస్తోంది. అయితే కిలోన్నర బరువుతో పుట్టిన బిడ్డను మాత్రం తల్లికి జ్వరం తగ్గేదాకా వేరుగా ఉంచాలనే ఇప్పటికీ అంటాను. అంత బలహీనమైన బిడ్డ మరో జబ్బును తట్టుకోలేదు.

ప్రసూతి వార్డు సిస్టర్, తిరుపతి:
అయ్యవారూ, ఎడబాటు వల్ల అందరికంటే ఎక్కువగా నష్టపోయేది ఆ బిడ్డే. మన దేశంతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాలలో చేసి 2021 మేలో ప్రచురించిన అధ్యయనంలో, 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న పిల్లలను పుట్టిన వెంటనే తల్లి రొమ్ముకు ఆనించి కంగారూ పద్ధతిలో పెంచితే, మొదటి 28 రోజులలో మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అందులో పాల్గొన్న ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి రద్దీ మన వార్డులకు తీసిపోదు. అది కోవిడ్ ఉన్న తల్లులపై చేసిన అధ్యయనం కాదన్నది నిజమే. కానీ కోవిడ్ ముప్పును కూడా లెక్కలోకి తీసుకుని, ప్రపంచ ఆరోగ్య సంస్థ, దాని సహచర పరిశోధకులు కలిసి 2021 మార్చిలో ఒక అంచనా వెలువరించారు. కంగారూ పద్ధతిని అందరికీ అందిస్తే లక్షా పాతిక వేలకు పైగా పసిప్రాణాలు దక్కుతాయి, తల్లి దగ్గర ఉండటం వల్ల కోవిడ్ సోకి పోయే పిల్లలు రెండు వేల లోపే ఉంటారు. కిలోన్నర బిడ్డ నా చేతికి వస్తే, తల్లికి మాస్కు కట్టి, చేతులు కడిగించి, ఆమె గుండెల మీదే పడుకోబెడతాను.