కుడి న్యూట్రినో వల్లే మనం మిగిలామని పిల్లలకి చెప్పొచ్చా?

వంశధార_గట్టు (శ్రీకాకుళం): ఇంటర్ అయిన పిల్లల సభలో నిన్న ఒక లెక్చరర్ గారు "కుడిచేతివాటం న్యూట్రినోల వల్లే విశ్వంలో పదార్థం మిగిలింది" అన్నారు. న్యూట్రినో అంటే దేన్నీ పెద్దగా తాకకుండా దూసుకుపోయే అతి చిన్న కణం; అందులో ఆ కుడివాటందాన్ని ఎవరూ చూడలేదు. చూడనిదాన్ని పాఠంలా చెప్పేయడమేనా?

కోట_గుమ్మం (విజయనగరం): "కావచ్చు" అని చేర్చి చెప్పొచ్చు. మొదట్లో పదార్థం, దానికి విరుద్ధ ఆవేశాలున్న జంట అయిన ప్రతిపదార్థం ఒకదాన్నొకటి చెరిపేసుకున్నాయి. సుమారు వంద కోట్ల జమకి వంద కోట్ల ఖర్చు పోయి, ఒక్క రూపాయి మిగిలింది. ఆ రూపాయే మనం. అదెలా మిగిలిందో కణాల గురించి ఇప్పుడున్న ప్రామాణిక సిద్ధాంతం లెక్కకి అందదు. 1986లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుకుగిత, యనగిద ఒక దారి చూపారు: బరువైన కుడి న్యూట్రినోలు క్షయమై వేరే కణాలుగా మారినప్పుడు కణాలకీ, ప్రతికణాలకీ సమానంగా పంచలేదు, ఆ తేడాయే తర్వాత ప్రోటాన్ల, న్యూట్రాన్ల మిగులైంది.

జీడిపిక్క (పలాస): న్యూట్రినోకి చెయ్యేటి బావూ?

కోట_గుమ్మం: చెయ్యి కాదండీ, బొంగరం తిరుగుడు లాంటిది. వెళ్తున్న దిక్కుతో పోలిస్తే ఎటు తిరుగుతోందన్నదే వాటం. ఇంతవరకు పట్టుబడ్డ న్యూట్రినోలన్నీ ఎడమే.

జీడిపిక్క: ఎడం చేత్తో రాస్తున్నానని మూడో తరగతిలో నా వేళ్ళ కణుపుల మీద స్కేలు నిలబెట్టి కొట్టారు. ఇక్కడా పేరు కుడివాడికేనా!

వంశధార_గట్టు: అన్నీ ఎడమే అయితే కుడిదాన్ని కల్పించడం దేనికి? అది చెప్పండి.

కోట_గుమ్మం: న్యూట్రినోకి ద్రవ్యరాశి ఉందని 1998లో జపాన్ సూపర్ కమియోకండే ప్రయోగంలో తేలింది. ఆ ద్రవ్యరాశి మరీ అంత తక్కువెందుకు? కుడిది ఉందనుకుంటే దానికి జవాబు దొరుకుతుంది. మన జాతరలో లేపే పొడవాటి సిరిమాను చూడండి. మొదలు బరువుకి దిగితే కొన పైకి లేస్తుంది. కుడిది ఎంత బరువైతే ఎడమది అంత తేలిక.

వంశధార_గట్టు: పైడితల్లమ్మ సిరిమానుని ఇందులోకి లాగకండి. పోలిక రుజువైపోదు.

కోట_గుమ్మం: రుజువని నేనెక్కడన్నాను? ఒక అణుకేంద్రకంలో రెండు న్యూట్రాన్లు ఒకేసారి ప్రోటాన్లుగా మారినా న్యూట్రినోలు బయటికి రాని జంట బీటా క్షయం కోసం దశాబ్దాలుగా వెతుకుతున్నారు, ఇంకా దొరకలేదు. దొరికితే న్యూట్రినో తనకి తనే ప్రతికణమని తేలుతుంది. అప్పటికీ సగం దారే. మీరేమో "చూడలేదు" అన్న ఒక్క ముక్క పట్టుకుని వేలాడుతున్నారు.

వంశధార_గట్టు: వేలాడనా మరి? ఆ సభ నుంచి వచ్చి మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ ఆప్షన్లు పెట్టనంటోంది, ఫిజిక్స్ చదువుతుందట! నేను చదివింది ఎమ్మెస్సీ ఫిజిక్సే సార్. ఏడేళ్ళు ట్యూషన్లు చెప్పుకుని, ఇప్పుడు ఎరువుల కొట్లో లెక్కలు రాస్తున్నాను. యనగిద పేరు నాకు కొత్త కాదు.

జీడిపిక్క: అయ్యో.

కోట_గుమ్మం: ఆప్షన్లకి ఆఖరు రోజెప్పుడు సార్?

వంశధార_గట్టు: ఎల్లుండి. పాస్‌వర్డ్ మార్చేసి కూర్చుంది.