కేసులకు ఎనీలింగ్ ప్రతిసారీ చేయాలా?

కొత్తబంటు: నమస్తే అందరికీ. టెక్సస్‌లో ఉంటా, ఈ మధ్యే 1000 గజాల ఎఫ్-క్లాస్ రైఫిల్ పోటీలు మొదలుపెట్టా. 6.5 క్రీడ్‌మోర్ రైఫిల్, మళ్లీ మందు నింపి వాడుకునే లాపువా కంపెనీ ఇత్తడి తూటా కేసులు, వాడినవే కొన్నా. ఎనీలింగ్, అదే బుల్లెట్‌ని పట్టుకునే కేసు మెడని కాల్చి మెత్తబరచడం, ప్రతిసారీ చేయాలా, మూడు నాలుగు ఫైరింగ్‌లకోసారి చాలా? రెండు వారాల్లో మాచ్, టెన్షన్‌గా ఉంది.

వెయ్యిగజాలు: ప్రతిసారీ చెయ్ తమ్ముడూ, ఇందులో చర్చేముంది. ఆ ఇత్తడి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింక్. ఫైర్ చేస్తే మెడ ఉబ్బుతుంది, మనం డైలో (కేసుని పాత కొలతకి తెచ్చే అచ్చు) మళ్లీ నొక్కుతాం, అలా సాగి ముడుచుకునే కొద్దీ గట్టిపడిపోతుంది. గట్టిపడ్డ మెడ డైలోంచి రాగానే కాస్త వెనక్కి తెరుచుకుంటుంది, ఒక్కో కేసు ఒక్కోలా. అప్పుడు బుల్లెట్ మీద పట్టు మారుతుంది, వేగం మారుతుంది. 100 గజాల్లో తెలీదు. 1000 దగ్గర 10 రింగు పదంగుళాలే, గుళ్లు పైకీ కిందికీ పోతుంటే అప్పుడు తెలుస్తుంది.

పాతకాపు_308: వెయ్యి డాలర్ల పైన పోసి కేసుల్ని కరెంటుతో వేడిచేసే ఇండక్షన్ మెషీన్ కొన్నాయన ప్రతిసారీ చెయ్ అనక ఇంకేమంటాడు. కొత్తవాళ్లకి పాయింట్లు పోయేది గాలికి, మెడకి కాదు. నేను నాలుగుసార్లకోసారి టార్చి మంట చూపించి నీళ్లలో పడేస్తా. నా .308 కేసుల పొడవు 2.015 అంగుళాలు దాటకుండా 2.005కి ట్రిమ్ చేస్తా. అంతే.

వెయ్యిగజాలు: నీళ్లలోనా! వేడి లోహాన్ని నీళ్లలో ముంచితే మళ్లీ గట్టిపడదూ? ఇక చేసి ఏం లాభం?

పెంబర్తి_పిల్లోడు: అన్నా, అది ఉక్కుకి. ఇత్తడికి కాదు. మా తాత రేకు పని చేసేవాడు, కొట్టీ కొట్టీ రేకు బిగుసుకుంటే కాల్చి మెత్తబరిచి మళ్లీ కొట్టేవాడు, నీళ్లలో ముంచితే చేత్తో పట్టుకోడానికి చల్లారేది తప్ప బిగుసుకునేది కాదు. వేడి మెడకీ, దాని కింద వాలుగా ఉండే భుజానికే తగలాలి. అడుగు మెత్తబడితే మాత్రం ప్రమాదం, ఆ కేసు పారేయాల్సిందే.

పాయింట్22: మేం హైదరాబాద్‌లో .22 ఫైర్ చేసి ఖాళీ కేసులు అక్కడే వదిలేస్తాం. ఈ గొడవే లేదు 😄

అట్లాంటా_అల్లుడు: తోమడానికి చింతపండు వాడొచ్చా?

పెంబర్తి_పిల్లోడు: పులుపుతో పర్లేదు, ఎక్కువసేపు నాననివ్వకు. అమ్మోనియా ఉన్న పాలిష్ మాత్రం వద్దు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలో వానాకాలం తూటాలు గుర్రపుశాలల్లో దాస్తే, మూత్రంలోంచి వచ్చే అమ్మోనియాకి కేసులు చీలిపోయేవట.

వెయ్యిగజాలు: నీళ్ల సంగతి నేను ఒప్పుకోను. నా మెషీన్‌తో నీళ్లు లేకుండానే పదిహేనుసార్లు తిరిగాయి కేసులు.

పాతకాపు_308: పదిహేనా? పోయినేడు నీ దగ్గర కొన్న 100 కేసుల్లో 11 రెండో ఫైరింగ్‌కే మెడ దగ్గర చీలాయి. ప్రతిసారీ ఎనీలింగ్ చేసినవేగా అవి?

వెయ్యిగజాలు: అది నీ డై తప్పు. భుజాన్ని అంగుళంలో వెయ్యో వంతు, రెండు వెయ్యో వంతులు వెనక్కి నెడితే చాలు, నువ్వు అడుగంటా నొక్కుతావు. తీగ వంచి లోపల గీరి చూడు, అడుగు పైన గాడి తగులుతుంది.

పాతకాపు_308: గాడి కాదయ్యా, చీలింది మెడ! డై తప్పయితే అడుగు దగ్గర తెగాలి. ఇన్నాళ్లూ మర్యాదకి ఊరుకున్నా. మూడుసార్లు ఫైర్ చేసినవి అని అమ్మావు. డబ్బా మూత లోపల నీ చేత్తో పెట్టిన గీతలు తొమ్మిదున్నాయి. ఫోటో పెట్టనా?

వెయ్యిగజాలు: అది పాత డబ్బా. గీతలు వేరే కేసులవి. అయినా ఇది ఇక్కడ మాట్లాడే విషయమా?

పాతకాపు_308: మరెక్కడ మాట్లాడాలి, మెసేజ్ పెడితే చూసి వదిలేశావుగా. ఎనీలింగ్ మీద నాకేం పగ లేదు. లెక్క సరిగ్గా చెప్పనివాడు మెడ పట్టు గురించి క్లాసు పీకితేనే మండుతుంది.

వెయ్యిగజాలు: డబ్బులు తిరిగిచ్చేస్తా, మిగిలినవి పంపు.

పాతకాపు_308: డబ్బులెవరడిగారు. ఎన్నిసార్లు ఫైర్ చేశావో చెప్పు.

కొత్తబంటు: అన్నలూ, ఒక్క డౌటు. నావీ ఇక్కడ కొన్నవే. వెయ్యిగజాలు అన్న దగ్గరే. మూత లోపల ఆరు గీతలున్నాయి.