రివోల్ట్: తిరుగుబాటు, రోత ఒకే ఎంట్రీలో ఇమడతాయా?

ఎగ్మోర్ కలం:
చెన్నైలో అనువాదం నేర్చుకునే తెలుగు విద్యార్థుల కోసం చిన్న ఇంగ్లీషు–తెలుగు పదకోశం తయారవుతోంది. ‘రివోల్ట్’ దగ్గర పని ఆగింది. తిరగబడటం, అసహ్యం కలిగించడం. ఈ రెండిటినీ ఒకే ఎంట్రీ కింద పెట్టాలా, విడగొట్టాలా? విడగొట్టాలనే నేనంటాను. పిల్లలు మొదట కనిపించిన అర్థమే ఎత్తి రాసేస్తారు, ‘రివోల్టింగ్ స్మెల్’ కాస్తా ‘తిరుగుబాటు వాసన’ అయి కూర్చుంటుంది.

వేళచ్చేరి పాఠకుడు:
వద్దండీ. కుక్క అరుపూ ‘బార్కే’, చెట్టు బెరడూ ‘బార్కే’. అవి పుట్టుకలోనే వేరు కనుక కోశాలు 1, 2 అని అంకెలు వేస్తాయి. రివోల్ట్ సంగతి అది కాదు. లాటిన్ ‘రెవోల్వెరే’ అంటే వెనక్కి దొర్లించడం. ఇటాలియన్, ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. ప్రభువు మీది విధేయత నుంచి వెనుదిరగడం ముందొచ్చింది. భరించలేక మనసు వెనుదిరగడం 18వ శతాబ్దంలో స్థిరపడింది. రెవల్యూషన్, రివాల్వర్ కూడా ఆ ఇంటివే. (వోల్టేజీకి మాత్రం చుట్టరికం లేదు, అది వోల్టా అనే శాస్త్రవేత్త పేరు.)

మన దగ్గరా అంతే కదా! ‘తిరుగు’ నుంచి తిరుగుబాటు, దాని ప్రేరణ రూపం ‘తిప్పు’ నుంచి ‘కడుపులో తిప్పుతోంది’. ఇంత చక్కగా కలిసొచ్చిన జంటకి అంకెలెందుకు?

ఎగ్మోర్ కలం:
పుట్టుక ఒకటే కావచ్చు, వ్యాకరణం ఒకటి కాదు. తిరగబడే రివోల్ట్ అకర్మకం, వెనక ‘ఎగైనెస్ట్’ వస్తుంది. అసహ్యం పుట్టించేది సకర్మకం: వాసన కర్త, మనిషి కర్మ. అందుకే ‘షి వాజ్ రివోల్టెడ్ బై ద స్మెల్’ అని కర్మణి ప్రయోగం దీనికే కుదురుతుంది. నామవాచకమూ చూడండి. ‘ఎ రివోల్ట్’ అంటే దాదాపు ఎప్పుడూ తిరుగుబాటే. అసహ్యానికి ‘రివల్షన్’ వాడతారు, అది పీకేయడం అనే అర్థమున్న వేరే లాటిన్ క్రియ నుంచి వచ్చింది.

పెరంబూర్ తెలుగు:
కలం గారూ, మీ ‘ఎగైనెస్ట్’ గుర్తు ఒకచోట బోల్తా కొడుతుంది. ‘హిస్ కాన్షన్స్ రివోల్టెడ్ ఎగైనెస్ట్ ఇట్.’ ఎగైనెస్ట్ ఉంది, అకర్మకమే, అయినా ఎవరూ జెండా ఎత్తలేదు. కర్త అంతరాత్మో, మనసో, కడుపో అయితే రెండర్థాలూ కలిసిపోతాయి. తెలుగులో ‘మనసు ఎదురుతిరిగింది’ అంటే సరిగ్గా సరిపోతుంది, ‘మనసొప్పలేదు’ అంటే పలచనైపోతుంది. ఈ వాక్యాన్ని మీ రెండు ఎంట్రీల్లో దేని కింద పెడతారు?

‘ద పెజంట్స్ ఆర్ రివోల్టింగ్’ అనే పాత ఇంగ్లీషు జోకు ఉంది: రైతులు తిరగబడుతున్నారనీ వస్తుంది, రోతగా ఉన్నారనీ వస్తుంది. సబ్‌టైటిల్‌లో దాన్ని ఒక్క వాక్యంలో ఇరికించకుండా ఇద్దరికి పంచాలి. ‘జనం తిరగబడ్డారు ప్రభూ!’ ‘అవును, వాళ్లని చూస్తేనే కడుపులో తిప్పుతుంది.’

మైలాపూర్ అక్షరం:
ఎంట్రీలు ఒకటైనా రెండైనా, ఎదురుగా పెట్టే తెలుగు మాటలు తప్పితే అంతా వృథా. ‘రివోల్టింగ్ క్రైమ్’ని పత్రికల్లో ‘ఒళ్లు గగుర్పొడిచే నేరం’ అని రాసేస్తుంటారు. గగుర్పాటు భయానికీ పులకింతకీ చెందినది, అసహ్యం అందులో లేదు. అక్కడ ‘హేయమైన’ కావాలి. కుళ్లిన తిండికి రోత, డోకు. క్రూరత్వానికి ఏవగింపు. వెగటు మాత్రం అస్సలు పనికిరాదు, తీపి ఎక్కువైనా వెగటే. జుగుప్స బీభత్స రసానికి స్థాయీభావం (మూలభావం), వ్యాసంలో బాగుంటుంది గానీ డైలాగులో పెడితే పాత్ర పంతులుగారైపోతుంది.

తిరుగుబాటు వైపు కూడా జాగ్రత్త. సైనికులు, నావికులు పై అధికారులను ధిక్కరిస్తే మ్యూటినీ. రివోల్ట్ అంతకన్నా విశాలం. మన్యంలో 1922–24లో జరిగినదానికి ‘పితూరీ’ అనే సొంత మాటే ఉంది, దాన్ని చెరిపి తిరుగుబాటు అని రాయనక్కర్లేదు.

రెండర్థాలూ ఒకేచోట చూడాలంటే 1806 రాయవేలూరు (వెల్లూరు) సిపాయిల తిరుగుబాటు. అంతకుముందు ఏడాది నవంబరులో మద్రాసు సైన్యానికి కొత్త ఉత్తర్వులు వచ్చాయి: యూనిఫాంలో ఉండగా నుదుట బొట్టు, నామాలు వద్దు, గడ్డం తీసేయాలి, తోలు కుచ్చున్న కొత్త తలపాగా పెట్టుకోవాలి. హిందూ, ముస్లిం సిపాయిలిద్దరికీ ఆ తోలు ఏవగింపే. జూలై 10న కోటలో తిరగబడ్డారు, టిప్పు జెండా ఎగరేశారు. ఆర్కాటు నుంచి బ్రిటిష్ అధికారి గిలెస్పీ దళం రావడంతో అదే రోజు అణిచేశారు. తరవాత గవర్నరు బెంటింక్‌నీ, సర్వసేనాని క్రాడక్‌నీ వెనక్కి పిలిపించారు.

ఎగ్మోర్ కలం:
సరే, క్రియకి ఒకే ఎంట్రీ. ‘ఎగైనెస్ట్’తో తిరగబడు. మనిషి కర్మగా వస్తే రోత పుట్టించు. మనసు, కడుపు కర్తలైతే ఎదురుతిరుగు. ‘రివోల్టింగ్’కి మాత్రం వేరే ఎంట్రీ వేస్తాను, దాన్ని వదులుకోను. ముందు ‘వెరీ’, ‘మోస్ట్’ ఉన్నప్పుడు రోత తప్ప వేరే అర్థం రాదు.

వేళచ్చేరి పాఠకుడు:
వేయండి గానీ, అందులో ‘రివోల్టింగ్ సిపాయ్స్’ ఉదాహరణగా చేర్చండి. చరిత్ర పుస్తకాల్లో ఆ మాట తగిలినప్పుడు మీ విద్యార్థి ‘రోత సిపాయిలు’ అని రాస్తే బాధ్యులు మీరే.