బోటు ఇంజిన్ 94 డిగ్రీలు చూపిస్తోంది, థర్మోస్టాట్ తీసేయొచ్చా?

ప్రశ్న: ఆరు సిలిండర్ల డీజిల్, హీట్ ఎక్స్ఛేంజర్ (ఇంజిన్‌లో తిరిగే మంచినీటిని సముద్రపు నీటితో చల్లార్చే భాగం) ఉంది. ఐడిల్‌లో 78 డిగ్రీలు. ఫుల్ లోడ్‌లో అరగంటకి 94, ఇంకా పెరుగుతోంది. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలింగ్ నీటిని వదిలే వాల్వు) పీకేయమంటున్నారు.

జవాబు 1: పీకొద్దండీ! మంచినీటి కూలింగ్‌కి 75 నుంచి 90 మామూలే. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిన్ చల్లగా నడిచి డీజిల్ సరిగ్గా కాలదు, మసి పడుతుంది, లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు) అరుగుతాయి. లోడ్ మీదే పెరుగుతోందంటే ముందు సముద్రపు నీటి వైపు అనుమానించాలి. స్ట్రైనర్ (చెత్త ఆపే జల్లెడ) కడగండి, ఇంపెల్లర్ (పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం) విప్పండి. రెక్క విరిగి ఉంటే ఆ ముక్క దొరికేదాకా వదలొద్దు, ఎక్కువగా ఎక్స్ఛేంజర్ మూత వెనకే ఇరుక్కుంటుంది. ట్యూబుల్లో అరిగిన జింక్ (తుప్పు ఆపడానికి పెట్టేది) ముక్కలూ చూడండి.

జవాబు 2: అంతకంటే ముందు మీటర్ నిజం చెబుతోందా? థర్మోస్టాట్ హౌసింగ్ మీద నల్ల టేపు అంటించి ఐఆర్ గన్‌తో (తాకకుండా వేడి కొలిచేది) కొలవండి. మెరిసే లోహం మీద గన్ తక్కువ చూపిస్తుంది. వేడి మీద కూలెంట్ పోసే మూత మాత్రం తిప్పకండి, పొంగి ఒళ్లు కాలుతుంది.

జవాబు 3: నేరుగా ఉప్పునీరు తిరిగే పాత ఇంజిన్లకి ఈ 75-90 లెక్క వేయకండి. వాటికి 55, 60 చాలు. అది దాటితే బ్లాకులో ఉప్పు గడ్డకడుతుంది.

ప్రశ్న అడిగినవారు: గన్‌తో 92 వచ్చింది. ఇంపెల్లర్‌కి రెండు రెక్కలు లేవు. ఎక్స్ఛేంజర్ మూత విప్పుతున్నా.