పాత వైన్ బిరడా విరిగిపోయింది, సాయంత్రం భోజనాలున్నాయి, సాయం చేయండి

ప్లానో వంటిల్లు: మూడు గంటలుగా ఇదే పని. మా ఆయన పాత మేనేజర్ రిటైరవుతూ ఇచ్చిన సీసా, చాలా ఏళ్ల నాటిది. స్క్రూ తిప్పి లాగితే బిరడా సగానికి విరిగింది. మిగతా సగం మెడలోనే ఉంది, ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఏడింటికి నాలుగు కుటుంబాలు వస్తున్నాయి, మటన్ పొయ్యి మీద ఉంది. సీసా పారేయాలా? మటన్‌తో ఇవ్వొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

గోదావరి గట్టు: ఎరుపా తెలుపా? ఎక్కడిది, ఏ ఏడాది? మటన్ ఎలా వండారు?

బే ఏరియా బాబాయ్: ముందు బిరడా ఎందుకు విరిగిందో చూడాలమ్మా. ఏళ్ల తరబడి నిలబెట్టి ఉంచితే వైన్ తగలక బిరడా ఎండిపోతుంది. పడుకోబెట్టాలి. 12, 13 డిగ్రీల చల్లదనం, చీకటి ఉండాలి. మనవాళ్లు తీసుకెళ్లి ఫ్రిజ్ మీద పెడతారు, అక్కడంతా మోటారు వేడే. గరాజ్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు, టెక్సస్ ఎండలకి అది ఉడికిపోదూ? ఎంతమందికి చెప్పానో.

ప్లానో వంటిల్లు: బాబాయ్ గారూ, అవన్నీ తర్వాత. ఇప్పుడెలా తీయాలి?

సొనోమా అక్క: పారేయకమ్మా. స్క్రూను ఏటవాలుగా దించి, మెడ గోడకి ఆనించి మెల్లగా లాగు. రాకపోతే లోపలికే నెట్టెయ్, వైన్‌కేం కాదు. సబ్బు వాసన లేని పలచటి గుడ్డలోంచి జగ్గులోకి వంపు. సీసా మెడ వెనక ఫోన్ లైట్ పెట్టుకో. చారు తేట వంచినట్టు, మధ్యలో ఆపకుండా ఒకే వంపు. సన్నటి నల్ల చార మెడ దాకా రాగానే ఆపెయ్. అది మడ్డి, చేదుగా ఉంటుంది. అడుగున రెండు వేళ్లెత్తు వదిలెయ్. సీసా మీద ఏం రాసుంది?

ప్లానో వంటిల్లు: రియోహా, గ్రాన్ రిజర్వా, 2001. ఎరుపు. గోంగూర మటన్ అక్కా, పచ్చిమిర్చి కూడా బాగానే వేశాను.

సొనోమా అక్క: అయ్యో, అది ముందే చెప్పాలి కదా! రియోహా అంటే స్పెయిన్‌లో వైన్ ప్రాంతం, 2001 అక్కడ చాలా మంచి ఏడాది. గ్రాన్ రిజర్వా అంటే కనీసం ఐదేళ్లు ఆపి అమ్మేది, అందులో రెండేళ్లు చెక్క పీపాలో. ఇన్నేళ్లయ్యాక పండు రుచి తగ్గి ఎండుటాకు, తోలు, పుట్టగొడుగు లాంటి వాసనలొస్తాయి. చాలా సున్నితం. గోంగూర పులుపు ముందు చప్పబడిపోతుంది, మిర్చి మంట మీద ఆల్కహాల్ ఇంకా మండుతుంది. కాస్త మాంసం విడిగా తీసి కొబ్బరి, గసగసాలు వేసి వండు, కారం తగ్గించు. అమెరికన్ ఓక్ చెక్క పీపాల్లో ఉంచిన రియోహాలో కొబ్బరి వాసన ఉంటుంది, కుదురుతుంది. పక్కన బగారా అన్నం. గోంగూరని ఇంకో వైన్‌తో తినండి, తియ్యటి రీస్లింగ్ అనే తెల్ల వైన్ అయితే మేలు.

గోదావరి గట్టు: రెండు గంటలు జగ్గులో ఉంచి డికాంట్ చేయాలి.

సొనోమా అక్క: పాతదానికొద్దు, వాసన ఎగిరిపోతుంది. పోసే ముందు వంపితే చాలు.

తేటతెలుగు: డికాంట్ ఎందుకండీ, తేర్చడం అని మనకు మాట ఉంది కదా.

గోదావరి గట్టు: తేర్చడం మడ్డి కోసం. నేనంటున్నది గాలి పట్టించడం. రెండూ వేరు.

తేటతెలుగు: సరే, ఆరబెట్టడం అందాం. వైన్‌ని కూడా ద్రాక్షారిష్టం అనొచ్చు.

బే ఏరియా బాబాయ్: అరిష్టం కషాయం కాచి పులియబెట్టేది. కాచకుండా చేసేది ఆసవం. అనాలనుకుంటే ద్రాక్షాసవం అనండి. అయినా అవి మందులు, వైన్ వైనే.

తేటతెలుగు: సారా అనడం కంటే నయమే కదా.

బే ఏరియా బాబాయ్: సారా బట్టీ పెట్టి దించేది నాయనా, దానికీ దీనికీ సంబంధం లేదు.

ప్లానో వంటిల్లు: బిరడా లోపలికే పోయింది. గుడ్డలో చిటికెడు పొడి మిగిలింది, జగ్గులోది ఇటుక రంగులో తేటగా ఉంది. మాంసం కొంచెం తీసి కొబ్బరి వేసి వండేశాను. వాళ్లొచ్చేశారు, థాంక్స్ అందరికీ.

సొనోమా అక్క: పోసేముందు ఒకసారి వాసన చూశావా? తడిసిన అట్టపెట్టె వాసన లేదు కదా? అది వస్తే బిరడా వల్ల వైన్ పాడైనట్టే.

సొనోమా అక్క: ఎలా ఉందో రేపైనా చెప్పమ్మా.