కంటికి బాగున్న గది ఫోటోలో ఎందుకు చప్పగా వస్తోంది?

వెలుగునీడ:

అందరికీ నమస్తే. ఇంటి అలంకరణ మీద బ్లాగు రాస్తుంటాను. గదులు సర్దడం, పాత ఫర్నిచర్‌కి కొత్త రంగు వేయడం, గోడల మీద ఫ్రేములు అమర్చడం, ఇలాంటివి. సర్దే పని వరకూ నాకు నమ్మకం ఉంది, ఎదురుగా నిలబడి చూస్తే గది నిజంగానే బాగుంటుంది. ఫోటో తీసేసరికి అదే గది చప్పగా అయిపోతోంది. ఒక పక్క పసుపు, ఇంకో పక్క నీలం. తెల్లగోడ బూడిదరంగులోకి తిరుగుతోంది. గది మొత్తం పట్టాలని ఫోన్ కెమెరాలో 0.5 జూమ్ పెడితే అంచున ఉన్న సోఫా సాగదీసినట్టు వస్తోంది. వాడేది ఫోనే, మంచి ఫోనే. పెద్ద కెమెరా కొంటే ఇవన్నీ పోతాయా, లేక నేను తీసే పద్ధతే మారాలా?

ఇంకో సంగతి కూడా ఉంది, అసలు దిగులు దాని గురించే. పోస్టులన్నీ ఒకేలా ఉంటున్నాయి. గది మొత్తం కనిపించే ఫోటో ఒకటి, దగ్గరి ఫోటోలు రెండు, కింద నాలుగు వాక్యాలు. చూసి వెళ్లిపోతున్నారు తప్ప ఆగి ఎవరూ ఏదీ అడగడం లేదు. కొత్తగా ఏం చేయాలో తోచడం లేదు. ఈ పని చేస్తున్నవాళ్లు వివరంగా చెప్తే చాలా సంతోషం.

నీడల_లెక్క:

కెమెరా ఇప్పుడే కొనకండి. మీరు చెప్పినవాటిలో ఏదీ ఫోన్ తప్పు కాదు, పెద్ద కెమెరాతో తీసినా ఇవే వస్తాయి, కాకపోతే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి.

ముందు పసుపు, నీలం సంగతి. కిటికీలోంచి పగటి వెలుగు వస్తుండగానే గదిలో లైట్లు కూడా వేసి తీస్తున్నారని నా అనుమానం. వెలుగు ఎంత పసుపుగా, ఎంత నీలంగా ఉందో చెప్పే కొలతని రంగు ఉష్ణోగ్రత అంటారు, కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు పోతుంది. పగటి వెలుగుకి అది సుమారు 5500 కెల్విన్, మబ్బు పట్టినా నీడపట్టున ఉన్నా ఇంకా పైకి పోతుంది. ఇళ్లలో వాడే వెచ్చని బల్బు 2700 నుంచి 3000 మధ్య ఉంటుంది. మన కన్నూ మెదడూ కలిసి ఈ తేడాని సర్దేసుకుంటాయి కాబట్టి గోడ మనకి తెల్లగానే కనిపిస్తుంది. కెమెరా అలా కాదు, మామూలుగా ఫోటో మొత్తానికీ ఒకే వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగుని తెలుపుగా లెక్కేయాలనే సర్దుబాటు) పెట్టుకుంటుంది. అది కిటికీకి సరిపోతే బల్బు చుట్టూ పసుపు, బల్బుకి సరిపోతే కిటికీ పక్కన నీలం. తర్వాత ఎడిటింగ్‌లో ఈ రెండింటినీ విడదీయడం చాలా కష్టం. అందుకే పగలు తీసేటప్పుడు టేబుల్ ల్యాంపుతో సహా లైట్లన్నీ ఆర్పేయండి. గది చీకటిగా ఉందనిపిస్తుంది, టెన్షన్ పడకండి. ఫోన్‌ని ట్రైపాడ్ మీద పెట్టి రెండు సెకన్ల టైమర్‌తో తీస్తే షట్టర్ కాస్త ఎక్కువసేపు తెరుచుకున్నా ఫోటో చెదరదు.

చప్పగా ఉండటానికి కారణం నాకు తెలిసి వెలుగు వచ్చే దిక్కు. కిటికీ మీ వీపు వెనక ఉందనుకోండి, వెలుగు అన్నిటి మీదా సమానంగా పడుతుంది, నీడలే ఉండవు. నీడ లేకపోతే కుషన్ ఉబ్బూ, బట్ట నేతా, చెక్క మీది గీతలూ ఏవీ తెలియవు, అంతా అట్టముక్కలా ఉంటుంది. కిటికీ మీకు ఎడమకో కుడికో వచ్చేలా నిలబడండి. ఎండ నేరుగా పడుతుంటే పల్చటి తెల్లటి కర్టెన్ వేయండి, లేదా ఎండ పక్కకి తప్పుకునేదాకా ఆగండి. నీడ వైపు మరీ నల్లగా అయిపోతే అక్కడ తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టండి, వెలుగు షీటుకి తగిలి తిరిగి ఆ నీడ మీద పడి, నీడ మెత్తబడుతుంది. దీనికి వ్యతిరేకం కూడా పనికొస్తుంది, దీని గురించి తక్కువమంది చెప్తారు: తెల్ల గదిలో నీడ అసలు పడటం లేదంటే అదే చోట నల్ల గుడ్డ వేలాడదీయండి, వస్తువులకి ఒక పక్క లోతు వచ్చేస్తుంది. రెండూ ఫోటోలో కనిపించకూడదు, అంతే.

తెల్లగోడ బూడిదరంగు ఎందుకవుతుందంటే, కెమెరా లోపలి మీటరు తను చూసేది సగటున మధ్యరకం బూడిదరంగులో ఉంటుందనే లెక్కతో వెలుగు కొలుస్తుంది. మీ గోడ నిజంగా తెల్లగా ఉందని దానికి తెలియదు, వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. చాలా ఫోన్లలో స్క్రీన్ మీద వేలితో తాకితే పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది కదా, దాన్ని కొంచెం పైకి జరపండి. కెమెరాలో అయితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగుని పెంచే, తగ్గించే సెట్టింగు) +0.7 నుంచి +1 దాకా పెట్టి చూడండి. కిటికీ బయటి దృశ్యం తెల్లగా కాలిపోకుండా మాత్రం గమనించుకోండి.

నిలువుగీత:

వెలుగు గురించి పైన చెప్పేశారు, నేను సోఫా సంగతి చెప్తాను. మీరు వాడే 0.5 చాలా ఫోన్లలో పెద్ద కెమెరా లెక్కన 13 మిల్లీమీటర్ల లెన్స్‌కి సమానం (ఈ అంకె ఎంత తక్కువైతే అంత వెడల్పుగా పడుతుంది). అంత వెడల్పు లెన్స్‌లో అంచుల్లో ఉన్న ప్రతిదీ సాగుతుంది, గది కూడా ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది, అంటే చదివేవాళ్లకి గది కొలతే తప్పుగా చెప్తున్నట్టు. 1x పెట్టుకోండి, అది 24 నుంచి 26 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. గుమ్మంలోకో, వీలైతే గుమ్మం అవతలికో వెళ్లి తీయండి. చోటు ఉంటే 2x ఇంకా బాగుంటుంది, వస్తువులు ఒకదానికొకటి దగ్గరగా, కంటితో చూసినట్టు అమరుతాయి. గది మొత్తం ఒకే ఫోటోలో పట్టాలన్న పట్టుదల వదిలేయండి. సోఫాలో సగం, దాని వెనక ల్యాంపు, కిటికీ అంచు, ఇంత కనిపిస్తే మిగతా గదిని చూసేవాళ్లే ఊహించుకుంటారు.

రెండోది ఎత్తు. నిలబడి కంటి ఎత్తులో తీస్తే టేబుళ్లూ సోఫాలూ పైనుంచి చూసినట్టు ఉంటాయి, నేల ఎక్కువైపోతుంది. ఫోన్‌ని నేలకి మీటరు, మీటరుంపావు ఎత్తుకి దించండి. మంచం, నేల మీది పరుపు లాంటివైతే ఇంకా కిందకి. ఇంతకంటే ముఖ్యమైనది ఫోన్‌ని పైకో కిందకో వంచకుండా నిటారుగా పట్టుకోవడం. వంచితే తలుపు చట్రాలూ గోడ మూలలూ ఒకదాని మీదకి ఒకటి వాలిపోతాయి, ఎందుకో తెలియకపోయినా చూసేవాడికి అసౌకర్యంగా ఉంటుంది. కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ ఆన్ చేసి, గ్రిడ్ నిలువుగీతకి తలుపు అంచు సమానంగా ఉందో లేదో చూసుకోండి. కొంచెం వాలినా స్నాప్‌సీడ్, లైట్‌రూమ్ లాంటి ఫోటో ఎడిటింగ్ యాప్‌లలో సరిచేయొచ్చు, కానీ సరిచేసినప్పుడు అంచులు కత్తిరించుకుపోతాయి కాబట్టి తీసేటప్పుడే చుట్టూ కాస్త ఖాళీ వదలండి.

వెనక భాగాన్ని మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్ గదులకి వద్దు. మొక్కల ఆకులు, కుర్చీ కాళ్ల మధ్య సందులు దానికి సరిగ్గా అర్థం కావు, అంచులు తినేసినట్టు వస్తాయి.

వెలుగునీడ:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ, లైట్లు ఆర్పి తీయడం నాకు అస్సలు తట్టలేదు. ఇంకో రెండు సందేహాలు. పగలు ఉద్యోగం, చాలాసార్లు రాత్రే కుదురుతుంది, అప్పుడెలా? ఫ్రేముల అద్దాల్లో నేనూ నా ఫోనూ కనిపించకుండా ఏం చేయాలి?

నీడల_లెక్క:

రాత్రి తీయడంలో తప్పేం లేదు. ఈసారి లెక్క తిరగేసుకోండి: కర్టెన్లు పూర్తిగా వేసేసి, గదిలో బల్బులన్నీ ఒకే కెల్విన్‌వి ఉండేలా చూసుకోండి. బల్బు పెట్టె మీద సీఆర్‌ఐ అని ఒక అంకె ఉంటుంది, ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పేది అదే, 90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నవి తీసుకోండి, అది తక్కువ ఉన్న బల్బుల కింద ఎరుపులూ చెక్కరంగులూ చచ్చిపోయినట్టు వస్తాయి. సీలింగ్ లైటు ఒక్కటే వేస్తే నీడలన్నీ కిందకి పడతాయి, దాన్ని ఆపి పక్కనున్న ల్యాంపులు వాడితే మేలు. వీడియోలో చారలు కదులుతూ కనిపిస్తే అది ఎల్‌ఈడీ మినుకు. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట షట్టర్ 1/50 లేదా 1/100 సెకను, 60 హెర్ట్జ్ అయితే 1/60 లేదా 1/120 సెకను పెడితే సాధారణంగా పోతుంది. ఒక్కటి మాత్రం రాత్రి తీయకండి, గోడ రంగు చూపించే ఫోటో. మీ ఫోటో చూసి ఎవరైనా రంగు ఎంచుకోవచ్చు, అది పగటి వెలుగులో ఉంటేనే న్యాయం.

అద్దానికి ఎదురుగా కాకుండా పక్కకి జరిగి తీయండి, చాలావరకూ అక్కడే తీరిపోతుంది. లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ ఏటవాలుగా తీసినప్పుడు గాజు మీదా, పాలిష్ చెక్క మీదా మెరుపు బాగా తగ్గిస్తుంది. ముఖం చూసుకునే అద్దం మీదా, లోహం మీదా మాత్రం అది పనిచేయదు, వాటి కోసం కొనకండి.

పాతబీరువా:

పోస్టులన్నీ ఒకేలా ఉంటున్నాయని మీరు మొదట్లో చెప్పిన రెండో సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నాకు అదే ముఖ్యం అనిపించింది.

పోస్టులు ఒకేలా ఉన్నాయంటే గదులు ఒకేలా ఉన్నాయని కాదు, ప్రతిసారీ మీరు చెప్పేది "ఇది బాగుంది చూడండి" అనే ఒక్కమాటే అయినందుకు. బాగుంది అన్నదానికి చదివేవాళ్లు ఏం జవాబిస్తారు, బాగుందంటారు, వెళ్లిపోతారు. ఫోటో తీయబోయే ముందే దేని కోసం తీస్తున్నారో ఒక వాక్యం రాసుకోండి. "ఈ గదికి కిటికీ ఒక్కటే, అయినా రెండో మూల చీకటిగా లేకుండా చేశాను" అని రాసుకున్నారనుకోండి, ఇక ఎక్కడ నిలబడాలో, ఏ వేళకి తీయాలో, ఏది దగ్గరగా చూపించాలో అన్నీ ఆ వాక్యమే చెప్తుంది. కిటికీ నుంచి మూల వైపు ఒకటి, మూల నుంచి కిటికీ వైపు ఒకటి, వెలుగుని వెనక్కి తిప్పిన అద్దం దగ్గరగా ఒకటి. ఇవి మీరు మామూలుగా తీసే మూడు ఫోటోలు కావు కదా.

డెన్మార్క్‌లో విల్‌హెల్మ్ హామర్‌షోయ్ అనే చిత్రకారుడు ఉండేవాడు (1864–1916). కోపెన్‌హాగన్‌లో తను కాపురమున్న ఇంటి గదుల్నే మళ్లీ మళ్లీ గీశాడు. తలుపు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి, నేల మీద కిటికీ వెలుగు పడిన చోటు ఒకసారి, వస్తువులు చాలా తక్కువ, రంగులు అన్నీ బూడిదకి దగ్గరవే. ఆ బొమ్మలు వెతికి చూడండి. కొత్త గది లేకపోతే కొత్త పోస్టు లేదనే బెంగ నాకైతే వాటిని చూశాకే పోయింది. ఒకే మూలని పొద్దునా, మధ్యాహ్నం, దీపాలు పెట్టాకా తీసి పక్కపక్కన పెడితే అదే ఒక పోస్టు.

రాతలో కొలతలు ఇవ్వండి, దయచేసి. నేను వేరేవాళ్ల బ్లాగులు చదివేటప్పుడు వెతికేది అదే. ఫ్రేము మధ్యభాగం నేలకి దాదాపు 145 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే కంటికి సరిపోతుందని చాలామంది పాటిస్తారు, సోఫా పైన వేలాడదీస్తే సోఫా వీపుకీ ఫ్రేము అడుగు అంచుకీ మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్లు వదులుతారు. మీరు ఎంత పెట్టారు, ఎందుకు అంత పెట్టారు, మార్చి చూస్తే ఏమైంది, ఇది రాస్తే జనం తమ గోడ ముందు టేపు పట్టుకుని నిలబడి మరీ ప్రశ్నలు అడుగుతారు. వద్దనుకున్నవి కూడా చూపించండి. మూడు రంగులు గోడ మీద పూసి చూసుకుని ఒకటి ఎంచుకుంటాం కదా, ఆ మూడు మచ్చల ఫోటో చాలామంది తీయరు, తీసినా పెట్టరు. నాకు పూర్తయిన గది కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

సర్దడంలో కూడా ఒకమాట. ఫోటో కోసం వస్తువులు చేర్చకండి, తీసేయండి. ఛార్జర్ తీగలు, రిమోట్లు, స్విచ్‌బోర్డు దగ్గర వేలాడే సంచి, వీటిని కన్ను దాటేస్తుంది, కెమెరా దాటేయదు. అలాగని మనుషులు లేని షోరూమ్‌లా కూడా చేయకండి, సగం చదివి బోర్లించిన పుస్తకం, మడత చెదిరిన దుప్పటి ఉండనివ్వండి. ఇది నా ఇష్టం, అందరూ ఒప్పుకోరు.

ఇంకా ఒకటి, ఐడియా చూపించడానికి పింటరెస్ట్‌లో దొరికిన వేరేవాళ్ల ఫోటోలు మీ పోస్టులో పెట్టకండి. కింద పేరు రాసినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టు కాదు. మీ ఫోటోలు అక్కడికి పంపేటప్పుడు మాత్రం నిలువుగా 2:3లో తీసినవి పంపండి, 1000 × 1500 పిక్సెళ్లు సరిపోతుంది.

నిలువుగీత:

పైవాళ్లు చెప్పినదానికి చిన్న చేర్పు. ముందు, తర్వాత ఫోటోలు పెట్టే ఆలోచన ఉంటే పని మొదలుపెట్టక ముందే ట్రైపాడ్ కాళ్లు ఉన్నచోట నేల మీద టేపు ముక్కలు అంటించండి, ఎత్తు, లెన్స్, తీసిన వేళ ఫోన్‌లో రాసిపెట్టుకోండి. పని అయ్యాక అదే చోటు నుంచి అదే వేళకి తీస్తేనే ఏం మారిందో తెలుస్తుంది. ముందు ఫోటో రాత్రి ట్యూబులైట్ కింద వంకరగా, తర్వాత ఫోటో పొద్దున వెలుగులో తిన్నగా తీసి పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, అలా పెడితే మీరు పడ్డ కష్టమంతా వెలుగు ఖాతాలోకి పోతుంది.