ఒకే ల్యాప్‌టాప్‌లో క్లయింట్, సర్వర్ రెండూనా?

కొత్తవాణ్ణి:
సర్వర్ అంటే ఏసీ గదిలో ఉండే పెద్ద మిషన్ అనుకునేవాడిని. నిన్న పైథాన్‌లో ఒక్క లైన్ కమాండ్ కొట్టి 8000 పోర్ట్ (మిషన్‌లో ప్రోగ్రామ్‌ని చేరే తలుపు నంబర్ లాంటిది) మీద చిన్న సర్వర్ నడిపా, అదే ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి లోకల్‌హోస్ట్:8000 అని కొడితే పేజీ వచ్చేసింది. మరి ఇందులో ఎవరు క్లయింట్, ఎవరు సర్వర్? ఇంకోటి, ఫోన్‌లో అదే అడ్రస్ కొడితే కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటోంది. రెండూ ఒకే వైఫై మీద ఉన్నాయండి.

పాతకాపు:
మిషన్‌ని వదిలేసి ప్రోగ్రామ్‌ని చూడండి. ముందు నోరు తెరిచి అడిగేది క్లయింట్, ఎవరైనా అడుగుతారేమోనని ఒక పోర్ట్ దగ్గర చెవొగ్గి కూర్చునేది సర్వర్, అంతే. ఒకే ప్రోగ్రామ్ రెండూ కావచ్చు, వెబ్ సర్వర్ వెళ్ళి డేటాబేస్‌ని అడుగుతున్నంతసేపూ అది క్లయింటే. ఇక ఫోన్ సంగతి: లోకల్‌హోస్ట్ అంటే 127.0.0.1, అంటే ‘నేనే’. ఫోన్‌లో కొడితే ఫోన్ తనలోనే వెతుక్కుంటుంది, అక్కడ 8000 మీద వినేవాళ్ళెవరూ లేరు. ల్యాప్‌టాప్ ఐపీ (వైఫైలో దాని నంబర్ అడ్రస్, చాలావరకు 192.168తో మొదలవుతుంది) కొట్టి, చివర :8000 పెట్టండి.

కొత్తవాణ్ణి:
కొట్టా. ఇప్పుడు రిఫ్యూజ్డ్ అనట్లేదు, చక్రం తిరిగి తిరిగి టైమ్ అవుట్ అంటోంది!

రాత్రి డ్యూటీ:
మంచిదే, తప్పు మారిందంటే ముందుకెళ్ళినట్టే. రిఫ్యూజ్డ్ అంటే అవతలి మిషన్ ‘ఇక్కడెవరూ లేరు’ అని చెప్పింది, టైమ్ అవుట్ అంటే అసలు ఉలుకూ పలుకూ లేదు. ఇలాంటప్పుడు నా అనుమానం ముందు ఫైర్‌వాల్ (బయటినుంచి వచ్చే కనెక్షన్లకి కాపలా ఉండే ప్రోగ్రామ్) మీదకే పోతుంది, అది ప్యాకెట్లని, అంటే వచ్చే డేటా ముక్కల్ని, చప్పుడు చేయకుండా పడేస్తుంది. ఈ తేడా తెలియక నేనొకసారి పూటంతా కోడ్ మార్చుకుంటూ కూర్చున్నా. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయకండి, పైథాన్ ఒక్కదానికి అనుమతి ఇవ్వండి.

కొత్తవాణ్ణి:
వచ్చేసింది! టెర్మినల్‌లో ఫోన్ ఐపీ, పక్కన గెట్ (ఇమ్మని అడగడం), చివర 200 (ఇచ్చేశానని) కనిపించాయి. కానీ కింద ఫెవికాన్ అనే ఫైల్‌కి 404 (అది లేదని) ఉంది, నేను అడగలేదే?

పాతకాపు:
మీరు కాదు, బ్రౌజర్ అడిగింది, ట్యాబ్ మీద పెట్టుకునే బొమ్మ కోసం. సర్వర్ లేదంది, గొడవేం లేదు. పని అయ్యాక కంట్రోల్ సి కొట్టి ఆపేయండి, ఆ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళు ఆ వైఫైలో ఉన్న ఎవరైనా తెరవచ్చు.